చివరిదాకా కూర్చునే మనిషి

అక్కా,

బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటున్నావా, గుర్తొచ్చినప్పుడా? ఫోనులో నీకు వినపడదు గనక రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు, నేను చదివింది మూడో తరగతే.

మందిరంలో నేనెప్పుడూ తలుపు పక్కన ఆఖరి బల్ల మీదే కూర్చుంటానని నీకు తెలుసుగా. ప్రసంగం సగంలో ఉండగా తాళం గుర్తొస్తుంది. వేశానా? వేస్తే, లాగి చూశానా? ఇక ఆగలేను. ఇంటికి పోయి, వేసిన తాళాన్నే మళ్ళీ లాగి చూసి వచ్చేసరికి అందరూ చెప్పులు వేసుకుంటూ ఉంటారు. నలభై ఏళ్ళుగా ఒక్క ఆరాధన చివరిదాకా చూసిన పాపాన పోలేదు.

మొన్న ఆదివారం పక్కింటి పిన్నిగారు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. లేస్తే ఆవిడ మెడ పట్టేస్తుందేమోనని భయపడి కూర్చుండిపోయాను. కిటికీలోంచి ఎండ నేలమీద మెల్లగా పాకుతూ నా పాదాల దాకా వచ్చింది. లోపల తాళం తాళం అని కొట్టుకుంటున్నా, ఒళ్ళు నీళ్ళలో తేలుతున్నట్టయింది. పాస్టరుగారి గొంతు ఏటికి అవతలి నుంచి వస్తున్నట్టుంది. భటులొచ్చి పట్టుకుపోయే ముందు ప్రభువు తోటలో తన శిష్యుల్ని కాసేపు నాతో ఉండండని అడిగాడట. వాళ్ళు నిద్రపోయారట.

తర్వాత ఆయన ఒక కాగితం తీసి చదివారు. వంతెన అవతల మిట్ట మీద ఒక ఇల్లుంది. ఎవరూ లేనివాళ్ళు ఆఖరి రోజులు అక్కడ గడుపుతారు. నర్సులున్నారు, మందులున్నాయి. పక్కన చివరిదాకా కూర్చునే మనిషి లేరు. అక్కడే ఉండిపోవాలి. తిండి పెట్టి మంచం ఇస్తారు. ఎవరైనా ఉన్నారా?

అక్కా, వెనకనుంచి ఎవరో నన్ను పిలిచినట్టయింది. తిరిగి చూస్తే సున్నం గోడ. దాని మీద ఎండ.

బయటికొచ్చాక పిన్నిగారితో, “ఇవాళ కొత్త కాగితమేదో చదివారు, విన్నారా?” అన్నాను.

“కొత్తదా! ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం చదువుతున్నారు తల్లీ. నిద్రలో విని విని నాకు నోటికొచ్చేసింది. నువ్వు తాళం దగ్గరికి పోతివి, నేను నిద్రలోకి పోతిని. ఇంకెవరు పోతారక్కడికి?”

ఏ దయ్యం పట్టిందో, వెనక్కి పోయి పేరిచ్చేశాను. నా పంపు, నా మంచం, కిటికీ పక్కన నీ మరిది కుట్టుమిషను. ఇవి వదిలి ఎలా పోను? పిలిచింది నిజంగా ఆయనేనంటావా? గ్యాసు కట్టేశానో లేదో, చూసి వస్తాను.

ఇట్లు,
నీ గాభరా

*

అక్కా,

ఉత్తరం అందింది. “డెబ్బై ఏళ్ళకు పిలుపేమిటే పిచ్చిమొహమా, దేవుడు తప్పు నంబరు నొక్కి ఉంటాడు” అని రాశావు. చాలాసేపు నవ్వుకున్నాను. కానీ కింద ఇంకో మాట రాశావు. “అయినా మరిది పోయేటప్పుడు చెయ్యి వదలకుండా కూర్చున్నదానివి, నీకన్నా ఎవరు పనికొస్తారులే” అని. ఆ మాట చదివి కంచం పక్కకి జరిపాను.

నేను కూర్చోలేదక్కా.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో ఆయన మాట చాలా సన్నగిల్లిపోయింది. “కాసేపు ఇక్కడే కూర్చో” అన్నారు. ఆ వేళ్ళకి అప్పటికీ సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి. ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాను. అంతలో తాళం గుర్తొచ్చింది. ఇప్పుడే వస్తానన్నాను. ఆయన కొంచెం నవ్వారు. నా సంగతి తెలిసినవారు కదా. ఇంటికి పోయాను. తాళం వేసే ఉంది. తిరిగొచ్చేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు.

నువ్వొచ్చి ఎలా పోయాడే అని అడిగితే, నా చెయ్యి పట్టుకునే పోయారన్నాను. పదకొండేళ్ళుగా అదే మాట. అందరూ ధన్యురాలివన్నారు. తోటలోవాళ్ళు నిద్రపోయినా అక్కడే ఉన్నారు. నేను ఇనప ముక్క కోసం లేచిపోయాను.

ఆ కుర్చీకి నేను తగను. రేపు ఆ ఇంటికి స్వయంగా పోయి, నావల్ల కాదని చెప్పి వచ్చేస్తాను. అబద్ధం చెప్పినందుకు తిట్టు. కానీ రాయడం మాత్రం మానకు.

ఇట్లు,
నీ చెల్లెలు

*

అక్కా,

ఇది మిట్ట మీది ఇంటినుంచి రాస్తున్నాను. కంగారుపడకు, అది నా పని.

ఆ రోజు బయల్దేరేటప్పుడు తాళాన్ని పదిసార్లు లాగాను. వంతెన మీద పొగమంచు. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. నా చెప్పుల చప్పుడు నాకే ఎవరో తోడొస్తున్నట్టు వినపడింది. తాళంచెవి పిడికిట్లో బిగించుకుని నడిచాను.

పెద్ద నర్సు పనిలో ఉంది. “కాసేపు ఆ గదిలో కూర్చోండమ్మా” అంది. గదిలో తెల్ల తెరలు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఊగుతున్నాయి. మంచం మీద ఒకావిడ. రైల్వే స్టేషన్లో మైకులో బళ్ళ వేళలు చెప్పే ఉద్యోగం చేసిందట. మనిషి పుల్లలా అయిపోయినా ఆ గొంతు గంటే.

“ఎవరది? ఏ బండికి?” అంది.

“ఏ బండికీ కాదమ్మా. రాలేనని చెప్పి పోవడానికొచ్చాను.”

“చెప్పడానికింత దూరం వచ్చావా? చేతిలో ఏమిటది?”

“ఇంటి తాళంచెవి.”

“ఇలా తే.” ఇచ్చేశాను. ఎందుకిచ్చానో తెలియదు. గుప్పిట మూసేసి కళ్ళు మూసుకుంది. “నీ బండి ఆలస్యంగా నడుస్తోంది. కూర్చో.”

కూర్చున్నాను. నర్సు వచ్చి అడిగేసరికి, నావల్ల కాదన్న మాట నోట్లోంచి రాలేదు. ఆ సాయంత్రం పోదామనుకున్నాను. చెవి ఆవిడ గుప్పిట్లో ఉంది, ఎలా పోను? మర్నాడు కూడా అంతే. తాళం గుర్తొచ్చి లేవబోయినప్పుడల్లా కళ్ళు తెరవకుండానే, “ప్రయాణికులు తమ స్థానాల్లో కూర్చోవలసిందిగా మనవి” అనేది. నేను నవ్వేదాన్ని. నీ మరిది సంగతి కూడా ఆవిడకి చెప్పాను. “నవ్వాడన్నావుగా. కోపమున్నవాడు నవ్వుతాడా?” అంది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం గది నిండా ఎండ. గుప్పిట అలాగే ఉంది, దాని మీద నా చెయ్యి ఉంది. తాళం గుర్తొచ్చింది. రానిచ్చాను. నేను లేవలేదక్కా. ఊపిరికీ ఊపిరికీ మధ్య దూరం పెరుగుతూ పెరుగుతూ, తర్వాతది రాలేదు. అప్పుడు కూడా లేవలేదు.

నర్సు ఆ వేళ్ళు విప్పి చెవి నా చేతిలో పెట్టింది. చూద్దును కదా, అది బీరువా చెవి! రెంటికీ నీ మరిది ఒకే నీలం దారం కట్టారు. మరి ఇంటి చెవి? తాళాన్ని పదిసార్లు లాగిన హడావుడిలో దానికే వదిలేసి వచ్చాను. ఇరవై రోజులుగా వీధిలోకి వేలాడుతూ, దొంగల్ని రా రమ్మంటోంది.

చెప్పులు వేసుకున్నాను. వరండాలోకి వచ్చాను. అంతలో పక్కగదిలోంచి, పొద్దున తెచ్చిన ముసలాయన, “ఎవరమ్మా పోతున్నది?” అన్నాడు.

“ఎవరూ పోవడం లేదు” అని చెప్పులు విడిచాను.

ఇంటి చెవి తీసి దగ్గర ఉంచుకోమని పిన్నిగారికి కబురు పంపాను. తాళం లాగి చూడమని మాత్రం చెప్పలేదు. నీ మాత్ర వేసుకో. ముసలాయన పిలుస్తున్నాడు.

ఇట్లు,
కూర్చునే ఉన్న
నీ గాభరా