కోటమ్మ బొమ్మకు కుట్టిన మూతి

బుధవారం, గురజాల

వేళ్లు వాచిపోయాయి. అయినా ఇది రాయకుండా నిద్ర పట్టేట్టు లేదు.

కోటమ్మ గుడ్డబొమ్మ పొద్దున పూర్తయింది. మా ఇంటెదురు కల్లంలో మిరపకాయలు ఏరే కోటమ్మను కిటికీలోంచి చూస్తూ చేశాను. దూది కూరిన మొహంలోకి సూది దించి, దారం లాగి ముడేసి, కళ్ల కింద ముడతలు తెప్పించాను. మూతి దగ్గరే చానా కష్టపడ్డాను. రెండు కొసలూ కిందికి లాగితే గానీ ఆ అలసట రాలేదు. రేపు ఈ బొమ్మను ప్రదర్శనకు పంపాలి.

సాయంత్రం పని దిగిన కోటమ్మను పిలిచి చూపించాను.

"కళ్లు నాయే అక్కా. ఈ మూతి ఎవరిది?"

"నీదేనే."

"నాదేంది! నా మూతి నువ్వెప్పుడు చూశావు?"

అంటూ, ఘాటుకు ముక్కూ నోరూ కప్పి కట్టుకున్న గుడ్డ విప్పింది. ముందు పన్ను ఒకటి లేదు. ఎడమ బుగ్గన సొట్ట. నవ్వుతోంది. సీజనంతా ఆ గుడ్డ కింద నవ్వుతూనే ఉందేమో, నాకేం తెలుసు!

"ఇప్పుడు మార్చాలంటే మొహమంతా విప్పాలి, నా వల్ల కాదు" అని విసుక్కున్నాను. మూతి దారం తెంపితే బుగ్గలు కూడా జారిపోతాయి మరి.

"నా కోసం ఏం మార్చమాకు. ఇది నీ మూతేగా అక్కా, రోజూ కిటికీలో చూస్తన్నా" అని వెళ్లిపోయింది.

కిటికీ మూసొచ్చి కూర్చున్నాను. కత్తెర తీసి బొమ్మ పక్కన పెట్టుకున్నాను, మూతి దారం ఇంకా తెంపలేదు.