వంకాయ ముందు కూర్చున్న సాయిదుర్గ

కాకినాడ,
సోమవారం

పెద్దమ్మకి సాయిదుర్గ నమస్కారాలు.

ఫోన్‌లో నీకు సగం వినపడదు. వినపడేలా అరిస్తే పక్క ఫ్లాటు వాళ్ళకి మొత్తం వినపడుతుంది. నాకు వంట రాదన్న సంగతి వాళ్ళకెందుకని ఈ ఉత్తరం.

కడుపులో పుండు పడిందన్నారు డాక్టరుగారు. ఏడాదిగా కర్రీ పాయింటు కూరలతో నెట్టుకొస్తున్నానని చెప్పక తప్పలేదు. "ఇంకో నెల ఇలాగే తింటే ఆసుపత్రిలో చేరాల్సొస్తుందమ్మా. ఇంట్లో వండుకోండి" అన్నారు. మా ఆయన లోకనాథ్ సముద్రం మీద గ్యాస్ రిగ్గు డ్యూటీకి వెళ్ళారు. పదిహేను రోజులకి గానీ రారు. ఇంట్లో నేనూ, కుక్కరూ.

నవ్వకు పెద్దమ్మా, నాకు కుక్కరంటే భయం. అది బుసకొట్టడం మొదలెట్టగానే బాల్కనీలోకి పరుగెత్తి తలుపేసుకుంటాను. పెళ్ళిళ్ళకి వండిన చెయ్యి నీది. భయపడకుండా వండడమెలాగో రాయి.

నీ
సాయిదుర్గ

తా.క.: నిన్న బాల్కనీలో నిలబడి ఆరు విజిల్స్ లెక్కపెట్టి పొయ్యి కట్టేశాను. పప్పు రాళ్ళలాగే ఉంది. కిందింటి వాళ్ళ విజిల్స్ కూడా కలిపేసుకున్నట్టున్నాను.


సామర్లకోట,
గురువారం

సాయిదుర్గా, పెద్దమ్మ ఆశీస్సులు.

వంటకి భయమేంటే? తెల్లవారి ఐదింటికి లే. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పప్పు. ఈలోగా కూర తరుగు. తరుగుతూ పోపు చూడు. పోపు చూస్తూ చారుకి చింతపండు పిసుకు. భయపడడానికి ఖాళీ ఎక్కడిది? నలభై రెండేళ్ళలో నేను వంటింట్లో కూర్చుని ఎరగను. నూనె చిందితే చిందనీ. నా కుడిచేతి మీద మచ్చలు పదకొండు. ఏది ఏ పండక్కి పడిందో కూడా చెప్పగలను.

అన్నిటికంటే ముఖ్యం ఉప్పు. అది తప్పితే అంతా తప్పినట్టే. లోకనాథ్ వచ్చాక మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటాడే, అప్పుడు కళ్ళార్పకుండా అతని మొహమే చూడు. అన్నీ అందులోనే తెలిసిపోతాయి.

ధైర్యంగా ఉండు.

నీ పెద్దమ్మ
చిన్నమ్మాయి

తా.క.: కుక్కర్ వాషరు ఒకసారి చూసుకో. భయపెట్టాలని కాదు. మా ఎదురింటి వాళ్ళ కుక్కర్ మూత ఇంకా దొరకలేదు.


కాకినాడ,
మంగళవారం

పెద్దమ్మకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు వంటింట్లోకి అడుగుపెట్టలేదు. మజ్జిగా, అరటిపళ్ళూ. మూడోరోజు ఆఫీసులో కళ్ళు తిరిగి కూలబడ్డాను. పక్క సీటు హేమశ్రీ నన్ను శ్రీదుర్గ మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ జగన్నాథపురంలో ఒక హాల్లో బుధవారం, శనివారం కూర్చుంటారు. అక్కడికి వంటంటే భయపడే నాలాంటి వాళ్ళు చాలామంది వస్తారు.

ఆవిడ నా చేతిలో ఒక వంకాయ పెట్టారు. "కుక్కర్ని అటక మీద పెట్టెయ్యండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. ఈ వంకాయతో కాసేపు కూర్చోండి" అన్నారు. ఇంటికొచ్చి కూర్చున్నాను. దాని రంగు చూశాను, వాసన చూశాను. తర్వాత కళ్ళు మూసుకుని మెల్లగా ఊపిరి పీల్చాను. నిజం చెప్తున్నాను పెద్దమ్మా, ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. మూకుడులో సన్నమంట మీద అరగంట వేయించాను. ఎక్కడికీ పారిపోలేదు.

నీ
సాయిదుర్గ

తా.క.: కోసేముందు "భయపడకు" అని పైకే అన్నాను. వంకాయతో అన్నానో, నాతో అనుకున్నానో ఇప్పటికీ తేలలేదు.


సామర్లకోట,
శుక్రవారం

సాయిదుర్గకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి దేవుడి పటం ముందు కూర్చుని చదివాను.

ఎవరే ఆ శ్రీదుర్గ? కూరగాయతో కూర్చోవడమేంటి? ఒంట్లోంచి దిగింది ఏంటి? దిగిందంటే ముందు ఎక్కిందనే కదా! నిమ్మకాయలు తెమ్మందా? నీ జుట్టు గానీ, పాత చీర ముక్క గానీ అడిగిందా? ఏమడిగినా ఇవ్వకు. ముఖ్యంగా గుమ్మడికాయ జోలికి వెళ్ళకు. వంకాయతో మొదలుపెట్టిన వాళ్ళు గుమ్మడికాయ దాకా వెళ్ళకుండా ఆగరు.

మీ పెదనాన్నగారికి చెప్పలేదు. చెప్తే నన్నే తిడతారు. ఆటో సత్తిరాజుతో భీమేశ్వరస్వామి గుడి విభూది పంపుతున్నాను. రోజూ పెట్టుకో. కూరకని ఇంగువ పొడి కూడా పంపుతున్నాను.

నీ పెద్దమ్మ
చిన్నమ్మాయి

తా.క.: రెండు పొట్లాలూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. వాసన చూసి పెట్టుకో.


కాకినాడ,
ఆదివారం

పెద్దమ్మకి,

నువ్వు అనవసరంగా భయపడుతున్నావు. ఆవిడ నా దగ్గర ఏమీ అడగలేదు. నిన్న మమ్మల్ని ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టారు. మధ్యలో ఒక గుమ్మడికాయ. అందరం కళ్ళు మూసుకుని, మాకు వంటింట్లో ఏం భయమో ఒక్కొక్కళ్ళం చెప్పాం. ఇద్దరు ఏడ్చారు. తర్వాత మేడమ్ కత్తి తెచ్చారు. తలా ఒక ముక్క ఇంటికి తెచ్చుకున్నాం.

నువ్వు వద్దన్నావని గుర్తొచ్చింది గానీ, అప్పటికే పులుసు మరిగిపోయింది.

లోకనాథ్ వచ్చారు. ఆయన మొహం చూడకుండా నా కంచంలోకి చూస్తూ తిన్నాను. ఆయన ముద్ద ముద్దనీ నమిలి తిన్నారు. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. వచ్చే బుధవారం నాకు షిఫ్టుంది, హాలుకి వెళ్ళలేను. అందుకే దిగులుగా ఉంది.

నీ
సాయిదుర్గ

తా.క.: ఆయన కళ్ళనీళ్ళకి కారణం పచ్చిమిరపకాయలట. ఇంకోటి. శుక్రవారం నుంచి నేను నుదుటికి పెట్టుకుంటున్నది ఇంగువ అని ఆఫీసులో చెప్పారు. చారులో ఏం వేశానో అడక్కు.


సామర్లకోట,
శనివారం

నా తల్లి సాయిదుర్గకి,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను.

గుమ్మడికాయ, కత్తి, ఏడుపులు చదివాక నాకు ముద్ద దిగలేదు. నీకు షిఫ్టున్న బుధవారమే చూసుకుని, నీకు తెలియకుండా ఆ మనిషిని నిలదీద్దామని బస్సెక్కాను. సంచిలో విభూది పెట్టుకున్నాను. దారంతా సంచి మీంచి చెయ్యి తియ్యలేదు. హాలు గుమ్మంలోంచే "మా పిల్లని వదిలెయ్!" అని అరిచాను.

ఆవిడ నాకు మంచినీళ్ళిచ్చింది. "రండి, కూర్చోండమ్మా. మీరు వండింది మీరు వేడిగా తిని ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

జవాబు చెబుదామని నోరు తెరిచాను. గుర్తుకు రాలేదే. ఎంత వెతుక్కున్నా ఒక్క రోజు కూడా గుర్తుకు రాలేదు.

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట నీకు రాస్తున్నాను. నీకు కుక్కరంటే భయం. నాకు మీ పెదనాన్నగారి బండి చప్పుడంటే భయం. సగం చప్పుళ్ళు వినపడని నాకు అదొక్కటీ వీధి మలుపు నుంచే వినపడుతుంది. కొత్తకాపురంలో ఒకసారి కూరలో ఉప్పు తగ్గిందని కంచం విసిరేశారు. మళ్ళీ ఎప్పుడూ విసరలేదు. కానీ నేను మాత్రం రోజూ ఆయన భోజనానికొచ్చే పన్నెండున్నరకి ఆ కంచం మళ్ళీ ఎగురుతుందనే వండాను. అంతమంది మెచ్చుకున్న వంట నా భయం వండిందే.

నిన్న ఒక్క బీరకాయ తీసుకుని కూర్చున్నాను. మెల్లగా మగ్గబెట్టి పచ్చడి నూరాను. ముందు నేనే పెట్టుకుని తిన్నాను. బాగుందే! ఆయనొచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

"ఏంటి, తినేశావా?"

"తిన్నానండి. మీరూ కూర్చోండి."

ఒక ముద్ద తిని, "ఉప్పు తగ్గింది" అన్నారు. "డబ్బా గట్టు మీదుందండి" అన్నాను. కళ్ళు మాత్రం ఆయన కంచం మీదే ఉన్నాయి. ఆయన గట్టు వైపు చూశారు. లేచి వెళ్ళారు. పంచదార డబ్బా తీశారు, బియ్యప్పిండి తీశారు, చివరికి ఉప్పు దొరికింది. తెచ్చుకుని కలుపుకుని తిన్నారు. కంచం ఎక్కడిదక్కడే ఉంది.

నువ్వు భయపడి రాయబట్టి, నేను భయపడి బస్సెక్కబట్టి ఇదంతా జరిగింది. వచ్చే శనివారం నీ పక్కన నాకో చాప వెయ్యి.

నీ పెద్దమ్మ
చిన్నమ్మాయి

తా.క.: ఇవాళ మీ పెదనాన్నగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "ఆవాలు వేశాక ఎంతసేపాగాలి?" అని అడిగారు. చెప్పులు విడవలేదు, లోపలికి రాలేదు. నా పోపు చిటపటమనగానే పెరట్లోకి పరుగెత్తారు.