లైట్ల షాపులో తాలుకాయలు

నరసరావుపేట,
మార్చి 12, గురువారం.

చిరంజీవి ఇంద్రజకు అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నాన్న, నాయనమ్మ, నేను ముగ్గురమూ బాగున్నాం. నాన్న దగ్గు తగ్గింది. నీ మోకాలి దెబ్బ మానిందని, పరుగులో మళ్ళీ అందరితో కలిశావని తలుస్తాను. నీ జాబు సోమవారం అందింది. ట్రైనింగులో ఫోనిచ్చేది ఆదివారం పది నిమిషాలే. అందులో ఆరు నిమిషాలు నాన్న మాట్లాడతారు, మిగతా నాలుగూ నాయనమ్మ "వినపడతందా, వినపడతందా" అని అడగడంతోనే అయిపోతాయి. అందుకే నా సంగతులన్నీ ఇందులో రాస్తున్నాను.

నువ్వు మూడు అడిగావు. అమ్మ స్టూలెక్కి డ్రిల్లింగ్ మిషను పట్టుకుందట, నిజమేనా అన్నావు. నాలుగు లైట్లు మార్చడానికి మూడు నెలలు ఎందుకన్నావు. నాయనమ్మని మళ్ళీ పొయ్యి దగ్గరికి రానిస్తున్నారా అన్నావు. మొదటిది నిజమే. రెండోది వివరంగా చెబుతాను. మూడోదానికి జవాబు చివర్లో రాస్తాను, అది ఒక్క మాటలో తేలేది కాదు.

ఆగస్టులో పాలగిన్నె మాడి, పక్కనున్న ప్లాస్టిక్ బుట్ట కరిగి, కిటికీ కర్టెనుకు మంటంటుకున్న రోజు నీకు గుర్తుండే ఉంటుంది. తడి గోనెసంచి వేసి ఆర్పింది నువ్వే కదా. ఆ సాయంత్రమే నాన్న, "అమ్మ ఇక పొయ్యి ముట్టుకోవడానికి వీల్లేదు" అన్నారు. నాయనమ్మ ఎదురు చెప్పలేదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నేను చూస్తున్నాను, తెల్లవారి అయిదింటికి తన కాఫీ తను పెట్టుకోని రోజు లేదు. ఆ మర్నాటి నుంచి నేను లేచేదాకా మంచం మీద కూర్చుని ఎదురు చూసేది.

డిసెంబరులో కంటి డాక్టరుకు చూపించాం. శుక్లాల ఆపరేషన్లు రెండూ బాగానే ఉన్నాయి, లోపలి పొర కొంచెం అరిగింది, ఉన్న చూపు ఇంతే, అద్దాలు మార్చినా పెరగదు అన్నాడు. ఆ పైన ఒక మాటన్నాడు: "ఇంట్లో వెలుతురు సరిచెయ్యండి. కళ్ళలో పడే వెలుతురు కాదమ్మా, చేతి పని మీద పడే వెలుతురు." ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను.

నా సంగతి నీకు తెలుసు. పద్దు రాయకుండా ఏ పనీ మొదలుపెట్టను. పొడుగు నోటు పుస్తకం ఒకటి తీసి, ఇంట్లో ఎవరు ఏ వేళకు ఎక్కడ కూర్చుని ఏం చేస్తున్నారో, అప్పుడు వాళ్ళ నీడ ఎటు పడుతోందో నాలుగు రోజులు రాశాను. రాస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది. మన ఇంట్లో పదకొండు లైట్లున్నాయి. ఒక్కటి కూడా పని జరిగే చోట లేదు. వాస్తు ప్రకారం పొయ్యి ఆగ్నేయాన పెట్టారు, తూర్పు తిరిగి వండుతాం. ట్యూబులైటేమో వీపు వెనక పడమటి గోడ మీద ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా నా నీడలోనే నేను వంకాయలు తరుగుతున్నాను. ఒక్కసారీ తోచలేదు.

మొదట తప్పు చేశాను. మన వీధిలో అందరూ పెట్టించినట్టే తెల్లటి పెద్ద లైట్లు రెండు తెచ్చి హాల్లో బిగించాను. కింద మన టైల్సు కూడా తెల్లవే, అద్దంలా మెరుస్తాయి. స్విచ్చి వేయగానే నాయనమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇదేందే, మిట్టమధ్యానం కల్లంలో నిలబెట్టినట్టుంది. కళ్ళు మూసుకుంటేనే బాగా కనపడతంది."

నాన్న నవ్వారు. నేను వాటిని విప్పి డబ్బాల్లో పెట్టేశాను. అప్పుడు నాయనమ్మే అడిగింది, షాపుకు నన్ను కూడా తీసకపో అని. సంచీలో ఏదో వేసుకుంటుంటే చూశాను. ఈపూరు నుంచి వచ్చిన కొత్త మిరపకాయలు, దోసెడు. ఎర్రకాయలతో పాటు ఎండలో రంగు వెలిసిన తాలుకాయలు కూడా కావాలని కలిపింది.

"లైట్లు కొనడానికి కాయలెందుకమ్మా, మిర్చి యార్డుకి పోతన్నారా?" అన్నారు నాన్న.

"నువ్వు నీ మందుల షాపుకి పో. నీకు పురుగుమందులు తెలుసు, నాకు కాయ తెలుసు" అంది.

తహసీన్ నీకు తెలుసుగా, స్టేషన్ రోడ్డులో వాళ్ళ నాన్న నడిపిన ఎలక్ట్రికల్ షాపు ఇప్పుడు ఆ అమ్మాయే చూసుకుంటోంది. నేను ఎన్ని వాట్లు కావాలో చెప్పబోతుంటే ఆపింది. "వాట్లు అడగబాకక్కా. అది కరెంటు తినే లెక్క. వెలుతురు లెక్క ల్యూమెన్లు, డబ్బా పక్కన రాసుంటది చూడు." నేను రాసుకున్నాను. పసుపు వెలుతురా, తెల్లదా అన్నదానికి ఇంకో అంకె ఉందని, మూడు వేలైతే పసుపు, ఆరు వేలు దాటితే నీలం కొట్టే తెలుపు, ఆ మధ్య నాలుగు వేలు పనికి హాయి అని చెప్పింది. అదీ రాసుకున్నాను.

ఈలోగా నాయనమ్మ స్టూలు మీద కూర్చుని కౌంటరు మీద కాయలు కుమ్మరించింది. "ఒక్కోటి ఎయ్యి చూద్దాం."

"ఏ లైటు కిందైనా ఎర్రకాయ ఎర్రగానే ఉంటది గదా మామ్మా?"

"నువ్వు లైట్లు అమ్మావు. నేను కాయలు ఏరాను. ఎయ్యి."

మొదటి లైటు కింద తాలుకాయలు మూడు మంచికాయల్లో కలిసిపోయాయి. రెండోదాని కింద అన్నీ మట్టి రంగుకు తిరిగాయి, నా కళ్ళకు కూడా. నాలుగోది వెలిగించగానే నాయనమ్మ చెయ్యి దానంతటదే కదిలింది. ఆవిడ కాయలు ఏరుతుంటే చిన్నప్పుడు నువ్వు పక్కన కూర్చుని చూసేదానివే, అదే చెయ్యి, అదే వేగం. పదకొండు తాలుకాయలు ఒక్కటీ పోకుండా పక్కకు వచ్చాయి. తహసీన్ డబ్బా తిప్పి చూసి, "మామ్మా! దీని మీద రంగుల అంకె తొంభై పైన ఉంది. మిగతావి డెబ్భై, ఎనభై. పదేళ్ళ నుంచి అమ్ముతన్నా, ఆ అంకె రంగు ఉన్నదున్నట్టు కనపడటానికని ఇయ్యాల తెలిసింది" అంది. వైరు కొనుక్కుంటున్న ఒకాయన, మామ్మగారూ, నాకూ ఒక లైటు ఏరిపెట్టండి అన్నాడు. నాయనమ్మ తలెత్తకుండానే అంది, "ముందు నీ కొంపలో పనేందో చెప్పు. టీవీ చూడ్డమే అయితే నీకు చీకటైనా చాలు."

షాపంతా నవ్వింది. నేను మాత్రం ఆవిడ వేళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను. చూపు తగ్గిందని మేమంతా పక్కన కూర్చోబెట్టిన మనిషి.

ఆ తర్వాత పని సాఫీగా జరిగింది. గళ్ళ కాగితం మీద ఇల్లు గీసి ఎక్కడ ఏది రావాలో గుర్తు పెట్టాను. గోడలోని వైర్ల పని ఎలక్ట్రీషియన్ కృపావరం చేతనే చేయించాను, దాని జోలికి నేను పోలేదు, నువ్వు భయపడకు. అతను కాగితం చూసి, "ఇరవై ఏళ్ళ నుంచి రూముకి నడిమధ్య పాయింటు పెడతన్నానమ్మా. మేం ఫలానా చోట కూర్చుంటాం అని ఒక్కరూ చెప్పలా" అన్నాడు. వంటగట్టు పైన అలమర కింద లైటు పట్టీ మాత్రం నేనే బిగించాను. మొదట వెనక అంచుకు పెడితే నల్ల గ్రానైటు మీద చుక్కలు చుక్కలుగా మెరిసి కళ్ళలో గుచ్చింది. నాయనమ్మ చెప్పినట్టు ముందు అంచుకు మార్చి, పాలరంగు మూత వేశాను. ఇప్పుడు గట్టంతా ఒకే రకంగా, నీడ లేకుండా ఉంది. నాయనమ్మ ఇంకో ఉపాయం చెప్పింది. బియ్యం ముదురు రంగు పళ్ళెంలో, మినప్పప్పు తెల్లదాంట్లో కాకుండా నల్లదాంట్లో, మిరియాలు తెల్లదాంట్లో పోసి ఏరాలట. సగం వెలుతురు పళ్ళెంలోనే ఉంటుందే అంది. ఆ మాట కూడా నోటు పుస్తకంలో ఉంది.

బాత్రూముకు వెళ్ళే నడవలో మనిషి వస్తే వెలిగే చిన్న లైటు మోకాలి ఎత్తున పెట్టాను. అది మొదటిసారి వెలిగినప్పుడు నాయనమ్మ ఆగి, "ఈ ఇంట్లో నన్ను చూసి లేచి నిలబడింది ఇదొక్కటే" అంది. నాన్న ఇప్పటికీ తలుచుకుని నవ్వుతారు.

ఇక నీ మూడో ప్రశ్న.

పోయిన శనివారం సాయంత్రం పనంతా అయింది. నాన్న వంటింట్లోకి వచ్చి అటూ ఇటూ చూసి, తనంతట తనే అన్నారు, "ఇంక భయం లేదు. నీ కాఫీ నువ్వు పెట్టుకో అమ్మా." ఈ మూడు నెలలూ నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. నాయనమ్మ గట్టు దగ్గరికి వచ్చింది. కాఫీ పొడి ప్యాకెట్టు మీద తేదీ చదివింది. గిన్నె అంచు మీద సొట్ట చూసి, ఇది ఎప్పుడు పడిందే అని అడిగింది. అన్నీ కనిపిస్తున్నాయి. పొయ్యి మీట దాకా చెయ్యి పోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది.

"వద్దులేరా. కళ్ళు కనపడతన్నయ్యి. ఆ రోజు కూడా కనపడ్డయ్యి. కట్టేశాననే అనుకున్నా. మీట తిప్పిన చెయ్యి గుర్తుంది నాకు. అయినా కాలింది గదా. ఇంక నా చేతుల్ని నేనెట్టా నమ్మేది?"

ఇంద్రజా, ఆ రోజు మీట కట్టేయకుండా పోయింది నాయనమ్మ కాదు, నేను.

నాలుగింటికి ఆవిడ కాఫీ పెట్టుకుని పొయ్యి కట్టేసి వెళ్ళింది. తర్వాత నేను వచ్చి, మిగిలిన పాలు విరిగిపోకుండా అదే గిన్నెలో, అదే పొయ్యి మీద సన్నసెగన పెట్టాను. అంతలో వాన మొదలైంది. బట్టలు తీయడానికి మేడ మీదికి పరుగెత్తాను. పక్కింటి బీబీ అక్క పిట్టగోడ దగ్గర పలకరిస్తే రేకు కింద నిలబడి మాటల్లో పడ్డాను. పొగ వాసనకు కిందికి వచ్చేసరికి నువ్వు గోనెసంచి పట్టుకుని ఉన్నావు. నాన్న అప్పటికే నాయనమ్మని అడుగుతున్నారు, కాఫీ పెట్టుకున్నాక కట్టేశావా అని. ఆవిడ "కట్టేశాననుకున్నారా" అంది. చేతిలో తడిబట్టలతో నేను గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడే చెప్పాల్సింది. ఇల్లు ఇంత జాగ్రత్తగా చూసుకుంటానని పేరు తెచ్చుకున్నదాన్ని, ఆ పేరు పోతుందనుకున్నానో ఏమో, నోరు రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపటికి నాన్న పొయ్యి మాన్పించేశారు. ఆ తర్వాత ప్రతి రోజూ చెప్పడం ఇంకా కష్టమైంది. చెప్పాల్సిన మాట బదులు లైట్లు బిగించాను.

శనివారం ఆ గట్టు దగ్గరే, ఇద్దరి ముందూ చెప్పేశాను. నాన్న కొత్త లైటు పట్టీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. చివరికి, "అమ్మని నేను అన్న మాటలు ఇప్పుడు ఎక్కడికి తీసకపోయి పారెయ్యాలి?" అన్నారు.

నాయనమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏడు నెలలు" అంది. "తలుపు గొళ్ళెం పెట్టానా లేదా అని మూడుసార్లు లేచి చూసుకుంటన్నా. మాత్ర వేసుకుని వేసుకోలేదేమోనని ఏడుస్తన్నా. మతి పోతందని మా చెల్లెలికి చెప్పుకున్నా. నాకు మతి బాగానే ఉందని నీకు తెలుసు. తెలిసి పక్కన కూర్చుని అన్నం పెట్టావు."

"తప్పయింది అత్తయ్యా."

"అయింది" అంది. లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆదివారం నాతో మాట్లాడలేదు. నీ ఫోను వచ్చినప్పుడు గొంతులో తేడా తెలియనివ్వలేదు చూడు, అదీ నాయనమ్మ. సోమవారం కూడా అంతే. మంగళవారం తెల్లవారి అయిదింటికి వంటింట్లో లైటర్ టిక్కుమన్న చప్పుడు విన్నాను. లేచి వెళ్ళి చూడాలనిపించింది. వెళ్ళలేదు. మీట కట్టేసిన చప్పుడు కూడా విన్నాను, ఒక్కసారే, మళ్ళీ తడిమి చూసుకోలేదు. లేచి వచ్చేసరికి కాఫీ రెండు గ్లాసుల్లో పోసి ఉంది, ఒకటి తనకు, ఒకటి నాన్నకు. నాకు లేదు. నీ మీద ఒట్టు, ఆ పొద్దు ఆ వంటింట్లో నేను పడ్డ సంతోషం ఈ మధ్య ఎప్పుడూ పడలేదు. ఆవిడ తన చేతుల్ని నమ్ముతోంది, నా మీద కోపాన్ని కూడా నమ్ముతోంది. ఆ వయసులో విరిగిన నమ్మకాన్ని మూడు రోజుల్లో తనే నిలబెట్టుకుంది, ఎవరి సాయమూ అడక్కుండా. అలాంటి మనిషి కింద ఇన్నేళ్ళు పని నేర్చుకున్నాను. ఒప్పుకోవడం మాత్రం నేర్చుకోలేకపోయాను.

ఈ రోజు ఉదయం మాట్లాడింది. "చింతపండు అయిపోయింది, తెప్పించు" అంది. అంతే. తెప్పించాను.

ఇదంతా నీకు రాయడానికి ఇంకో కారణం ఉంది. మంట ఆరిపోయాక నువ్వు నాయనమ్మతో, "కళ్ళు కనపడనిదానివి ఇల్లు తగలబెడతావా" అన్నావు. భయంలో వచ్చిన మాట, అది నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. కానీ ఆ మాట నీ చేత అనిపించింది నేను. ట్రైనింగుకు వెళ్ళేటప్పుడు ఆవిడ కాళ్ళకు దండం పెట్టావు గానీ ఆ సంగతి ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం ఉందని నీకు తెలియదు కనుక. నీ తప్పు కూడా నా లెక్కలోనే వేసుకుంటానని ఆవిడతో అంటే ఒప్పుకోలేదు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలంది.

కాబట్టి ఈసారి జాబులో నాయనమ్మకు వేరే కాగితం పెట్టు. నల్ల సిరాతో, అక్షరం కాస్త పెద్దగా, ఎడంగా రాయి. మెరిసే కాగితం వద్దు. ఎప్పటిలా నేను చదివి వినిపించను. ఆవిడే వంటగట్టు దగ్గర నిలబడి చదువుకుంటుంది. ఆ సమయంలో నేను మేడ మీద ఉంటాను.

ఇట్లు,
చెప్పాల్సిన మాట ఏడు నెలలు ఆలస్యంగా చెప్పిన
మీ అమ్మ.