మూడు స్పందనల్లో ఒకటి

ప్రియమైన అక్కకు,

క్షేమంగా ఇల్లు చేరాం. నువ్వు తీసిన గుండె స్కాను చూసి డాక్టరుగారు, "కొట్టుకున్న ప్రతిసారీ నీ గుండె తనలోని రక్తంలో ముప్ఫై ఎనిమిది శాతమే బయటికి నెడుతోంది. ముప్ఫై ఐదుకి తగ్గితే ప్రాణాపాయం ఎక్కువ, ఛాతీలో పరికరం పెట్టాలి, బస్సు మానెయ్యాలి. ప్రస్తుతానికి మాత్రలు చాలు" అన్నారు. ముప్ఫై ఎనిమిదితో గట్టెక్కడం నాకు బడి నుంచీ అలవాటేగా!

ఇరవై రెండేళ్ళ స్టీరింగు వదలమంటే ఏమైపోయేవాణ్ణో నీకు తెలుసు. ఇంత మంచి కబురుకి నువ్వు మొహం తిప్పుకున్నావెందుకో?

నీ తమ్ముడు,
హారన్


ప్రియమైన హారన్ బాబుకు,

మొహం తిప్పుకోలేదురా, స్కానుకి ఛాతీ మీద రాసే జెల్ సీసా వెతుక్కున్నాను. ఉప్పు తగ్గించు. రోజూ పొద్దున బరువు చూసుకో. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్ళు కాదు, నీరు.

మా గదికి వచ్చినవాళ్ళంతా "ఎన్నాళ్ళు?" అని కళ్ళతోనే అడుగుతారు. గుండె గోడల కదలికను బట్టి ముందేం రావచ్చో కొంత అంచనా కట్టగలం. నీ విషయంలో మాత్రం నా చేత కాలేదు. వచ్చే నెల ఓసారి రా. ఊరికే, మళ్ళీ చూస్తాను.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క


ప్రియమైన అక్కకు,

ఆరు నెలలు జవాబు రాయనందుకు తిట్టుకోకు. రూటు మార్చారు, సెలవు దొరకడం లేదు. బండి బ్రహ్మాండం, నేనే కాస్త నెమ్మది. సాయంత్రానికి పాదాల మీద చెప్పుల అచ్చు పడుతోంది. ఒక దిండువాణ్ణి మూడు దిండ్లకి ఎదిగాను. రాజభోగం పట్టిందంటుంది నీ మరదలు, మళ్ళీ డాక్టరు దగ్గరికి పదమని ఒకటే పోరు. పాసైనవాడు ఎక్కడైనా మళ్ళీ పరీక్ష రాస్తాడా?

నీ హారన్


తమ్ముడూ,

మూడు దిండ్లు అన్నచోట ఉత్తరం పక్కన పెట్టేశాను. అది రాజభోగం కాదురా, గుండె అలిసి, పడుకుంటే ఊపిరాడకపోవడం. నీకు ఫోను చేసి, "బాగున్నావా" అని మాత్రం అడిగి పెట్టేశాను.

మాకో పద్ధతుంది. మూడు స్పందనలు కొలిచి సగటు రాయాలి. నీకు ముప్ఫై ఒకటి, ఇరవై తొమ్మిది, ముప్ఫై ఎనిమిది వచ్చాయి. సగటు ముప్ఫై మూడు లోపే. నేను ముప్ఫై ఎనిమిదే రాశాను, ఫొటోల్లో బాగున్నది ఏరుకున్నట్టు. లేని అంకె వెయ్యలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. స్టీరింగు లేని నిన్ను చూడలేననుకున్నాను. నీ వెనక కూర్చునే నలభై మంది నాకు గుర్తే రాలేదు.

ఈ పొద్దున పెద్ద డాక్టరుగారికి అంతా చెప్పేశాను. నన్ను ఆ గది నుంచి తప్పించారు, తప్పించాల్సిందే. శుక్రవారం నీకు మళ్ళీ స్కాను, వేరేవాళ్ళు చేస్తారు. ఊపిరాడకపోతే శుక్రవారం దాకా ఆగకు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరుగెత్తు. ఎన్ని తిట్లయినా తిట్టు. బండి దిగి రా.

అక్క


ప్రియమైన అక్కా,

తిట్టడానికి నాకు మొహమేదీ? ఆ రోజు నన్ను ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టావు. ఎదురుగా చేతులు కడుక్కునే చోట అద్దం. డ్రైవరు కళ్ళు అద్దం మీదికి పోకుండా ఉంటాయా? నా వెనకున్న నీ తెర మొత్తం అందులో కనిపించింది. తిరగబడ్డ మూడు అంకెలూ చదివాను. డాక్టరుగారు ముప్ఫై ఎనిమిది అనగానే నువ్వేం చేశావో తెలిసిపోయింది. నోరు మూసుకున్నాను. నాకూ అదే కావలసింది.

ఇంటికొచ్చిన మూడో రోజు బస్సుతో వంతెన దిగుతుంటే, వెనక సీట్లో నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు అద్దంలో కనిపించారు. డిపోకి వెళ్ళి, కళ్ళు మసకలని చెప్పి తాళం ఇచ్చేశాను. అప్పట్నుంచీ విచారణ కౌంటర్లో బస్సుల వేళలు చెబుతున్నా. రూటు మార్చారన్నది అబద్ధం. మళ్ళీ స్కాను తీయించుకుంటే నువ్వు రాసిన అంకె సంగతి బయటపడి నీ ఉద్యోగం పోతుందని రాలేదు.

నా స్టీరింగు కోసం నువ్వు, నీ గది కోసం నేను. రెండూ పోయాయి. వాటితోపాటు ఏడు నెలల వైద్యం కూడా పోయింది. అది తలుచుకుంటే ఏడుపొస్తోందక్కా.

శుక్రవారం వస్తాం. అంకె ఎంతైనా ఈసారి ఉన్నదున్నట్టు విందాం. నువ్వు మిషను దగ్గర ఉండవు కాబట్టి ఆ అద్దానికి అడ్డంగా నిలబడు. ఎడమ చెయ్యి తల కింద పెట్టుకోమంటారు. కుడిచెయ్యి ఖాళీగానే ఉంటుంది, పట్టుకో.

నీ హారన్