యజమానే నడపాలట

ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు చూసేవారికి,

పదహారు పేజీల పాలసీ రాసిన చేతికి దండం పెట్టి నీలం కారు ముసలాయన రాసేది.

అయ్యా, లేక అమ్మా, నేను ఐదో తరగతి గడప దాకా వెళ్లి తిరిగొచ్చినవాణ్ణి. భూతద్దం పెట్టుకుని మీ పాలసీ నాలుగు రోజులు చదివాను. తెరిచిన నోరు ఇంకా మూతపడలేదు. అగ్గి, పిడుగు, వరద, భూకంపం, దొంగలు, అల్లరిమూక, కొండచరియలు. కారుని రైల్లో పంపుతుంటే దెబ్బ తగిలినా ఇస్తారట. నా పెళ్లప్పుడు మా పెద్దలు కూడా ఇంత దూరం ఆలోచించలేదు.

అసలు సంగతేంటంటే, మంగళవారం పొద్దున వీధి మలుపులో టైలరు కొట్టు ముందున్న స్తంభానికి కారు తగిలింది. బంపరు, ఒక లైటు పోయాయి. టైలరు బోర్డు కిందపడింది. నడిపింది నేనే. పదకొండో పేజీలో ‘యజమాని-డ్రైవరు’ అని రాశారు కదా, ఆ రెండూ నేనే. మా ఆవిడ పక్క సీట్లో బుద్ధిగా కూర్చుంది.

త్వరగా బాగుచేయించండి. కారు లేకపోతే ఇద్దరం గోడకి కొట్టిన మేకుల్లా ఇంట్లోనే.

మీ పదహారు పేజీలకీ దాసుడు,
నీలం కారు తాత

తా.క.: ప్లాస్టిక్ సామాను పాతబడేకొద్దీ ఇచ్చేది తగ్గిస్తామని రాశారు. మా ఇంట్లో నా సంగతీ అంతే.

*

గౌరవనీయులైన పాలసీదారు గారికి,

మీ ఉత్తరం అందింది. మీ కారుకి తగిలిన దెబ్బ ‘ఓన్ డ్యామేజి’ కిందికి వస్తుంది. టైలరు గారి బోర్డు ‘థర్డ్ పార్టీ’ కిందికి, అంటే మీ కారు వల్ల బయటివారికి జరిగిన నష్టం కిందికి వస్తుంది. రెండూ మీ పాలసీలో ఉన్నాయి. కారు నడిపినవారి లైసెన్సు నకలు పంపగలరు.

భవదీయులు,
క్లెయిముల విభాగం

తా.క.: అయ్య కాదు, అమ్మే.

*

క్లెయిములమ్మకి ఆశీస్సులు,

నీ ఉత్తరం టైలరుకి చదివి వినిపించాను. “మీరు గుద్దితే నాకు వాళ్లెందుకిస్తారు బాబాయ్?” అన్నాడు. “అదేరా గొప్ప” అన్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్లు నేను చెయ్యబోయే తప్పుకి ముందే పేరు పెట్టి, చోటు చూసి, పేజీ నంబరేసి ఉంచారు. మా నాన్న నా తప్పులకి బెత్తం ఒక్కటే సిద్ధంగా ఉంచేవాడు.

ఇక లైసెన్సు సంగతి. అందులో నా ఫొటో కోళ్ల దొంగలా ఉంటుంది, ఆడపిల్లలు జడుసుకుంటారు. నా మాట చాలదా తల్లీ?

నీ మంచి కోరే,
తాత

తా.క.: ఎదురింటి మాస్టారు ‘ఆ రోజు స్టీరింగు దగ్గర చీర కనపడిందే’ అని వీధంతా చెబుతున్నాడు. ఆయన కళ్లజోడు పాతదని మీ ఫైల్లో రాసుకో.

*

తాతగారికి నమస్కారం,

మీ మాట చాలదు. ఇక్కడెవరూ జడుసుకోరు, లైసెన్సు పంపండి. ఇంకొకటి. డ్రైవరు సీటు పూర్తిగా ముందుకు జరిపి ఉందనీ, దాని మీద రెండు దిండ్లు ఉన్నాయనీ, దెబ్బ చూడటానికి మీ ఇంటికొచ్చిన మా సర్వేయరు రాశారు. తలుపు తీయడానికి వచ్చిన మీ తల గుమ్మానికి తగిలిందని కూడా రాశారు. దీనికి మీ జవాబు కావాలి.

ఇట్లు,
మీ క్లెయిములమ్మ

తా.క.: పదకొండో పేజీలో ఉన్నది ప్రాణానికి సంబంధించిన బీమా. యజమాని నడుపుతూ ప్రమాదం పాలైతే ఆయనకో, ఆయన ఇంటివారికో ఇచ్చేది. బంపరుకీ దానికీ సంబంధం లేదు. లైసెన్సు ఉండి, మీ అనుమతితో ఎవరు నడిపినా మీ కారు దెబ్బకి మేం ఇస్తాం.

*

క్లెయిములమ్మకి,

సీటు గురించి అడిగావు. వయసు మీద పడ్డాక మనిషి కుంచించుకుపోతాడమ్మా. పొద్దున పొట్టిగా ఉంటాను, సర్వేయరు వచ్చేసరికి కాస్త సాగి

ఇంతవరకు రాశాక నీ తా.క. కంటపడింది. కలం పక్కనపెట్టి మంచినీళ్లు తాగొచ్చాను.

ఎవరు నడిపినా ఇస్తారా?

అయితే విను. నడిపింది మా ఆవిడ. నాకు కళ్లలో పొరలొచ్చాయి, లైసెన్సు గడువు దాటి రెండేళ్లయింది. ఆవిడ అరవై నాలుగో ఏట నేర్చుకుని, రెండోసారికి పాసైంది. స్తంభం తగిలినప్పట్నుంచీ ఇక స్టీరింగు ముట్టనంటోంది. ఆవిడ పేరు రాస్తే మీరివ్వరని, కారు అలాగే పడుంటే ఆ భయం ఆవిడలో పాతుకుపోతుందని, కాగితం మీద నేనెక్కి కూర్చున్నాను. ఊరందర్నీ నేను ఆటపట్టిస్తాను గానీ, ఆవిడ్ని చూసి ఇంకొకడు నవ్వితే నాకు అన్నం దిగదు. మొదటి ఉత్తరంలో నేను నడిపానన్న మాట కొట్టెయ్. ఇదే నిజం. ఇలా రాశానని ఆవిడకి మాత్రం తెలియనివ్వకు.

తలొంచుకున్న,
తాత

తా.క.: దిండ్లు మూడు. సర్వేయరు వస్తున్నాడని ఒకటి దాచాను, మిగతా రెండూ తీసేలోగా తలుపు కొట్టాడు.

*

తాతగారికి,

మీ కారుకీ, టైలరు గారి బోర్డుకీ క్లెయిము మంజూరైంది. ఇక మీరు కూర్చుని చదవాల్సిన సంగతి.

మీ మొదటి ఉత్తరానికి ఒక రోజు ముందే మాకొక ఉత్తరం వచ్చింది, లైసెన్సు నకలుతో సహా. కారు బాగయిపోయింది గనక ఇక దాచకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“నమస్కారమండీ, కారు నడిపింది నేను. స్తంభం తప్పేం లేదు, దాని చోట అది ఉంది. మా ఆయన పదకొండో పేజీ మీద భూతద్దం పెట్టుకుని కూర్చున్నారు. రేపో మాపో తనే నడిపానని రాస్తారు. కోప్పడకండి, నిజం చెప్పేదాకా వదలకండి. స్టీరింగు ముట్టనని ఆయనతో అన్నాను, అది రెండు రోజుల కోపం. కారు రాగానే కళ్ల డాక్టరు దగ్గరికి ఆయన్ని నేనే తీసుకెళ్తాను. ఆ సంగతి చెప్పకండి. డాక్టరంటే ఆయనకి భయం, తెలిస్తే కారు బాగుకానివ్వరు.”

ఫైల్లో రెండు మాటలుంటే మా మేనేజరు సంతకం పెట్టరు. అందుకే మీ అంతట మీరు దిద్దుకునేదాకా ఆగాం. పన్నెండేళ్లుగా ఈ పాలసీలే చదువుతున్నాను. ఒకరికి తెలియకుండా ఒకరిని కాచుకునే ఇద్దరి కోసం అందులో ఏ పేజీ ఉందో నాకు దొరకలేదు.

గౌరవంతో,
క్లెయిములమ్మ

తా.క.: కారు శుక్రవారం పొద్దున ఇస్తారు. మధ్యాహ్నానికి డాక్టరు దగ్గర మీ పేరు రాయించానని ఆవిడ ఇప్పుడే ఫోన్ చేశారు.