తొమ్మిది నిమిషాల తేడా

5-8-2024, సోమవారం

ఈ రోజు ఒక తప్పు చేశాను. నలభై రెండు నిమిషాలు.

వెనకటి సంగతి ముందు రాసుకోవాలి. లేకపోతే తప్పు ఎంతదో తెలియదు. నా కొడుకు సంపత్ గనిలో డంపర్ నడుపుతాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళయి పదేళ్ళు, కూతురు కళ్యాణికి ఎనిమిదేళ్ళు. అయినా టీవీకి ఆ నల్ల డబ్బా తగిలించి వీడియో గేములు ఆడేవాడు. జూన్‌లో ఒకరోజు నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, పడుకోకుండా మధ్యాహ్నం దాకా ఆడి, ఆ రాత్రి మళ్ళీ బండి ఎక్కాడు. తెల్లవారుజామున కన్ను మూతపడింది. వంద టన్నుల బండి రోడ్డు పక్కన మట్టికట్ట ఎక్కి ఆగింది. కట్ట అవతల అరవై అడుగుల లోతు. ఎవరికీ ఏమీ కాలేదు. మెమోతో పోయింది.

మర్నాడు నేనే వాడిని హాల్లో నిలబెట్టాను. కళ్యాణిని పిలిచి, దాని తల మీద వాడి చేయి పెట్టించి ఒట్టు వేయించాను. ఇక ఒక్క నిమిషం కూడా ఆడనని. కోడలు దీపిక ఏడ్చింది. డబ్బా నా బీరువాలోకి వచ్చింది. తాళంచెవి నా దగ్గరే.

ఈ రోజు ఇల్లు ఖాళీ. సంపత్ ఫస్ట్ షిఫ్ట్‌లో, దీపిక మండలాఫీసులో కంప్యూటర్ ముందు, కళ్యాణి బడిలో. బీరువా సర్దుతూ డబ్బాకు చెమ్మ పట్టిందేమోనని బయటికి తీశాను. పని చేస్తుందో లేదో చూద్దామని తగిలించాను. వాడు కొని సీలు కూడా తీయని ఆట ఒకటి ఉంది.

సీలు నేనే చింపాను.

6-8-2024

ఆటలో ఒక ఆడమనిషి గుర్రం మీద మంచుకొండల్లో ఊరూరికీ ఉత్తరాలు చేరవేస్తుంది. కాల్చడాలు, నరకడాలు లేవు. తోడేళ్ళు వస్తాయి. గుర్రాన్ని తిప్పడం రాక మూడుసార్లు వాగులో పడ్డాను. 55 నిమిషాలు.

పినపాక అవతల పాఠాలు చెప్పే బడికి వాగు దాటి నడిచిన రోజులు గుర్తొచ్చాయని రాసుకోవచ్చు. అది సాకు. నాకు సరదాగా ఉంది. నిజం అంతే.

12-8-2024

ఒక నోటు పుస్తకం పెట్టాను. తారీకు, మొదలు, ముగింపు, నిమిషాలు. పాత రెండు రోజులూ ఎక్కించాను. ఆట తనంతట తను చూపించే సమయంతో రోజూ సరిచూస్తున్నాను. దొంగపని చేసినా లెక్క తప్పకూడదు. పుస్తకం పాత హాజరు రిజిస్టర్ల మధ్య ఉంది. ఈ డైరీ వేరు, ఆ పుస్తకం వేరు.

21-8-2024

కళ్యాణి అడగకుండా ఫోను తీసి పది నిమిషాలు బొమ్మలు చూసింది. గోడవైపు తిప్పి నిలబెట్టాను. కళ్ళు పాడైతాయని, బుద్ధి పాడైతుందని, నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన పిల్లలందరికీ చెప్పిన మాటలే దానికీ చెప్పాను. తల వంచుకుని నిలబడింది.

అంతకు ముప్పావుగంట ముందు నేను డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. అది ఇంకా వెచ్చగానే ఉంది.

28-8-2024

2 గంటల 10 నిమిషాలు. పప్పు మాడింది. స్టవ్ మంట తగ్గడం లేదని దీపికతో చెప్పాను.

3-9-2024

కట్టె వంతెన ఒకటి వచ్చింది. గాలి వీచినప్పుడల్లా గుర్రం జారి లోయలో పడుతుంది. పద్నాలుగుసార్లు పడ్డాను.

ఈ వారం సంపత్‌కు నైట్ షిఫ్ట్. పొద్దున తొమ్మిదికి పడుకుంటే మూడింటికి లేస్తాడు. వాడు నిద్రపోయేటప్పుడు ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదని రూలు పెట్టింది నేను. ఈ రోజు ఆ గోడకు ఇవతలే కూర్చుని, సౌండు మొత్తం తీసేసి ఆడాను. వాడి గదిలో కూలర్ మోత. అది ఆగినప్పుడల్లా నా గుండె ఆగింది.

12-9-2024

వంతెన. పదో రోజు. పండుగనాడు తప్ప రోజూ పడ్డాను. హెడ్మిస్ట్రెస్‌గా చేసిన ఆరేళ్ళలో ఏ పనిలోనూ ఇన్నిసార్లు ఓడలేదు.

13-9-2024

సంపత్ సెకండ్ షిఫ్ట్‌కు వెళ్ళాక డబ్బా తీశాను. గుర్రం వంతెన అవతల నిలబడి ఉంది. నిన్న పడిపోయిన దగ్గరే ఆపినట్టు నాకు గుర్తు. ఎక్కువసార్లు ఓడిన వాళ్ళను ఆటే దాటిస్తుందేమో. అడగడానికి ఎవరున్నారు? ఈ రోజు సమయం సరిచూడటం మరిచిపోయాను, ఆ సంతోషంలో. ఇన్నాళ్ళూ తేడా రాలేదు, ఇక రోజూ చూడక్కర్లేదు.

25-9-2024

మళ్ళీ నైట్ షిఫ్ట్ వారం. వాడు లోపల నిద్ర, నేను ఇవతల ఆట. 70 నిమిషాలు. తప్పని తెలిసి చేసే తప్పుకు పిల్లలకు రెట్టింపు శిక్ష వేసేదాన్ని.

2-10-2024

కళ్యాణికి దసరా సెలవులు. సున్న.

6-10-2024, ఆదివారం, సాయంత్రం

బతుకమ్మకు అక్కను తీసుకుపోవడానికి నేలకొండపల్లి నుంచి దీపిక తమ్ముడు కిషోర్ వచ్చాడు. వాడూ గేములు ఆడే మనిషే. అన్నాల దగ్గర బావను ఆటపట్టించాడు. ఏం బావా, పోయిన నెల నైట్ షిఫ్ట్ వారమంతా పొద్దుగాల పదకొండింటికి ఆన్‌లైన్‌ల నీ పేరు పక్కన పచ్చ లైటు పెట్టుకొని కూసుంటివి, ఒక్కనాడన్న నన్ను ఆటకు పిలిస్తివా, ఓడగొడతనని భయమా అన్నాడు. అని నవ్వాడు. ఒట్టు సంగతి వాడికి తెలియదు.

దీపిక చేతిలో గరిటె ఆగింది.

తాళంచెవి అడిగింది. ఇచ్చాను. డబ్బా తగిలించి, సంపత్ పేరు మీద ఉన్న పేజీ తెరిచింది. గుర్రం ఆట, 47 గంటల 52 నిమిషాలు. ఫోనుతో ఫోటో తీసుకుంది. ఏందిది అని సంపత్‌ను అడిగింది.

సంపత్ నా వైపు ఒకసారి చూశాడు. ఒక్కసారే. నేనే ఆడిన అన్నాడు. డూప్లికేట్ తాళం చేపిచ్చుకున్న అన్నాడు.

దీపిక అరవలేదు. నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టినవు కదా అన్నది. నిద్ర లేకుంట ఆ బండెక్కి ఎన్ని రాత్రులు పోయినవు, ఈసారి కట్ట ఆపకపోతే నేనేం గావాలె అన్నది. కళ్యాణి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

నేను నోరు తెరిచాను. తెరిచిన మాట నిజం. అప్పుడే దీపిక నా వైపు తిరిగి, ఈ ఇంట్ల అబద్ధం లేని మనిషి మీరొక్కరే అత్తమ్మా, మిమ్మల్ని గూడ మోసం చేసిండు అన్నది.

మూసుకున్నాను.

నాలుగింటి బస్సుకు దీపిక, కళ్యాణి, కిషోర్ వెళ్ళిపోయారు. కిషోర్ నా కాళ్ళకు దండం పెట్టి, నేను ఊకె మాటకన్న అత్తమ్మా అన్నాడు.

అదే రోజు, 7 గంటలు

నా పుస్తకంలో మొత్తం 47 గంటల 43 నిమిషాలు. డబ్బాలో 52. తొమ్మిది నిమిషాలు తేడా. ఇంట్లో ఇంత జరిగాక కూడా మూడుసార్లు కూడి చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. నాలుగోసారి కూడి చూశాను.

8-10-2024

సంపత్‌ను డంపర్ మీద నుంచి దించేశారు. దీపిక సేఫ్టీ ఆఫీసరుకు ఫోన్ చేసి, మా ఆయన నిద్ర పోకుండా డ్యూటీకి వస్తున్నడు, బండి ఇయ్యకండి సార్ అని చెప్పిందట. ఎంక్వయిరీ అయ్యేదాకా వర్క్‌షాపులో ఇనుప సామాను కడిగే పని. పన్నెండేళ్ళ నుంచి ఆపరేటర్. మోచేతుల దాకా గ్రీజుతో వచ్చాడు. తోటి వాళ్ళు ఏమన్నారని అడిగితే, ఏమంటరు, గేములోడు వచ్చిండు అంటరు అన్నాడు. దీపిక మీద కోపం రాలేదా అంటే, గట్ల అనుకున్న మనిషి ఇంకేం చేస్తది, నేనైనా గదే చేద్దును అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. పెరుగు వేయనా అని అడిగాను.

9-10-2024

పొద్దున కళ్యాణి ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. నానమ్మా, నాన్న ఒట్టు తప్పిండు కదా, నాకు ఎన్ని రోజులల్ల అయితది అన్నది. ఏమవుతుందే అన్నాను. ఈడ పిల్లలు చెప్పిన్రు, ఒట్టు తప్పితే తల ఎవలదో వాళ్ళే సచ్చిపోతరంట అన్నది. రోజూ లేవంగనే తల తడిమి చూసుకుంటున్న, ఇంకా నొప్పి లేదు అన్నది.

అలాంటిదేమీ జరగదని చెప్పాను. మరి నువ్వే కదా పెట్టిచ్చినవు, నీకు తెల్వదా అన్నది.

ఫోను పెట్టేసి సంపత్ దగ్గరికి వెళ్ళాను. డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాడు. ఆడింది నేను అన్నాను. తెలుసు అన్నాడు.

మొన్న కిషోర్ చెప్పినప్పుడు తెలిసింది కాదట. సెప్టెంబర్‌లో నైట్ షిఫ్ట్ వారం, నీళ్ళకు లేచి తలుపు సందులోంచి చూశాడట. గుర్రం తిరిగితే నువ్వు గూడ దాంతోపాటు పక్కకు వంగుతున్నవమ్మా అన్నాడు. వంతెన మీద పడ్డప్పుడల్లా దాన్ని తిట్టినవు, చిన్నప్పుడు నన్ను తిట్టినట్టే తిట్టినవు, మళ్ళ నీలో నువ్వే నవ్వినవు అన్నాడు. నువ్వు గట్ల నవ్వంగ నేనెప్పుడూ చూడలే, సప్పుడు చెయ్యకుంట పోయి పడుకున్న అన్నాడు.

దీపికకు నా పేరు ఎందుకు చెప్పలేదు అని అడిగాను. నీ మొఖం చూసి చెప్పలే అన్నాడు. నువ్వే చెప్తవనుకున్న అన్నాడు.

ఈ మాట ఎంత మెల్లగా అన్నాడో రాయలేను.

తర్వాత, బూటు లేసు కడుతూ, తల ఎత్తకుండా ఇంకొకటి చెప్పాడు. తరువాతి వారం నేను స్నానానికి పోయినప్పుడు తాళంచెవి మంచం మీద కనిపించిందట. డబ్బా తీసి ఆ వంతెన దాటించి మళ్ళీ పెట్టేశాడట. పది రోజులసంది పడుతనే ఉన్నవు, పాపమనిపిచ్చింది అన్నాడు. ఎంతసేపు అని అడిగాను. ఓ పది నిమిషాలు ఉంటదేమో అన్నాడు.

తొమ్మిది.

లెక్క సరిపోయింది. ముప్పై నాలుగేళ్ళలో లెక్క సరిపోయినందుకు ఏడ్చింది ఇదే మొదటిసారి.

10-10-2024, సద్దుల బతుకమ్మ

ఆరింటి బస్సుకు బయలుదేరి, కొత్తగూడెంలో, ఖమ్మంలో బస్సు మారి నేలకొండపల్లి చేరాను. నోటు పుస్తకం సంచిలో. వాకిట్లో దీపిక తంగేడుపూలు పేరుస్తోంది. పక్కకు పిలిచి, ఆడింది నేనని చెప్పి పుస్తకం చేతికిచ్చాను.

ప్రతి వరుస మీద వేలు పెట్టి చదివింది. ఆఫీసులో ఫైళ్ళు చూసే అలవాటు. పప్పు మాడింది స్టవ్ వల్లనే అనుకున్న అత్తమ్మా, స్టవ్ మెకానిక్‌ను గూడ పిలిపిచ్చిన అన్నది. నవ్వలేదు. ఆరోజు నేను మీ మొఖం చూసుకుంట గంత మాటన్న, మీరు నిలబడి విన్నరు అన్నది. అవునన్నాను. మీ కొడుకును బండి దింపిచ్చింది నేను, ఆ పాపం నాతోటి చేపిచ్చిన్రు అన్నది.

తర్వాత ఫోను తీసి ఫోటో చూసింది. మొత్తం కూడింది. ఇందుల తొమ్మిది నిమిషాలు తక్కువున్నయి, గవి ఎవరివి అన్నది.

నావే, ఒకరోజు రాయడం మరిచాను అన్నాను.

మీరు మరిచిన్రా అన్నది.

మరిచాను అన్నాను.

నా మొహంలోకి చూసింది. ఎంతసేపో లెక్కపెట్టలేదు. లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చి ఇచ్చింది. అయితే రాయండి అన్నది.

సెప్టెంబర్ 13 వరుసలో రాశాను. 9 నిమిషాలు. నా చేత్తో. నా పుస్తకంలో మొదటి దొంగ లెక్క అదే. దీపిక ఆ వరుస మీద వేలు పెట్టి ఒక్కక్షణం ఉంచి, పుస్తకం మూసింది. కళ్యాణిని పిలిచి, ఆడింది నానమ్మంట, నాన్న కాదు అని చెప్పింది. కళ్యాణి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నిన్నెవరు నిలబెట్టాలె మరి అని అడిగింది.

గోడవైపు తిరిగి పది నిమిషాలు నిలబడ్డాను. వాకిట్లో బతుకమ్మ ఎత్తుకుపోయే ఆడవాళ్ళు చూస్తూ వెళ్ళారు.

14-10-2024

సేఫ్టీ ఆఫీసరు దేవ్‌సింగ్ పినపాకలో నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. గోలీలు ఆడినందుకు ఒక పూటంతా ఎండలో నిలబెట్టాను. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు. ఇప్పుడు కూర్చోవాల్సింది నువ్వు అన్నాను.

ఉత్తరం ఇచ్చాను. ఏ తారీకున, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు నేను ఆడానో, ఆ సమయంలో నా కొడుకు డ్యూటీలోనో నిద్రలోనో ఉన్నాడని, కింద నా సంతకం. రెండుసార్లు చదివాడు. మేడం, ఇది ఫైల్ల పెట్టాలె, క్లర్కుల కాడికెల్లి అందరు చదువుతరు అన్నాడు. చదవనీ అన్నాను. మూతి బిగబట్టుకుని, ఆగస్టు 28 నాడు వంట ఎవరు చేసిన్రు మేడం అన్నాడు. చెప్పలేదు.

కాగితం తిరిగి రావడానికి వారం పడుతుందట. తలుపు దాకా వచ్చి సాగనంపాడు. నా గోలీలు మీ దగ్గరనే ఉన్నయి మేడం, పదహారు అన్నాడు.

పదిహేడు. బీరువాలో ఉన్నాయి.

23-10-2024

సంపత్ డంపర్ ఎక్కాడు. తాళంచెవి దీపిక దగ్గర. ఆటలో చివరి ఊరికి చేర్చాల్సిన ఉత్తరం ఒకటి మిగిలిపోయింది. దాని గురించి రోజుకు ఎన్నిసార్లు అనుకుంటున్నానో రాయను.

27-10-2024, ఆదివారం

కళ్యాణి తలకు నూనె పెడుతున్నాను. నాన్న ఒక్క నిమిషం గూడ ఆడలేదు కదా నానమ్మా అన్నది. ఆడలేదన్నాను. నా మీద ఒట్టా అన్నది.

చేయి దాని తల మీదే ఉంది.

తీశాను. నా తల మీద పెట్టుకున్నాను. ఒట్టు అన్నాను.

అది వెనక్కి తిరిగి చూడలేదు. జల్దీ జడ ఎయ్యి అన్నది.