పెన్సిల్ డబ్బాలో రెండు బిస్కెట్లు

ఏమండీ,

డాక్టరమ్మ రాసిచ్చిన పొడి కలిపి మూడు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాను. పాపకి పదింటికొకటి, ఒంటిగంటకొకటి, నాలుగింటికొకటి ఇవ్వండి. మూత తియ్యకుండా స్ట్రాతో ఇవ్వండి, వాసన తగిలితే తాగదు. ఈ ఆరు వారాలూ దానికి అన్నమూ అదే, మందూ అదే. ఇంకేదీ నోట్లో పడకూడదు.

ఈ మాట ఆవిడ చెప్తుంటే నా పక్కన కూర్చుని బుద్ధిగా తలూపింది మీరే కదా! మరి పొద్దున దాని పెన్సిల్ డబ్బాలోకి రెండు బిస్కెట్లు ఎలా వచ్చాయి? అడిగితే "నేనే తీసుకున్నానమ్మా" అంది. ఆ బిస్కెట్లు ఈ ఇంట్లో మీ ఆఫీసు బ్యాగులో తప్ప ఇంకెక్కడా ఉండవు. జాలి మీ ఒక్కరికే ఉందా? నెల రోజులుగా దాని కంట పడకుండా వంటింటి తలుపేసుకుని, నిలబడే నాలుగు ముద్దలు మింగుతున్నాను నేను. పేగుల్లో పుండ్లు మానాలని ఇన్నాళ్లు ఓర్చుకుంది, ఇంక పది రోజులే. ఈలోపు ఎనిమిదేళ్ల పిల్ల చేత అబద్ధం కూడా ఆడించారు. నేనొచ్చేలోగా ఆ బ్యాగు ఖాళీ చెయ్యండి. మిగతాది సాయంత్రం మాట్లాడతాను.

చెప్పులేసుకుంటుంటే వెనకాలే వచ్చి చెవిలో చెప్పింది. చెప్పొద్దంది, అయినా రాస్తున్నాను. "నేను తినలేదమ్మా. వద్దంటే నాన్న ఏడుస్తాడని తీసుకున్నా." రెండూ ఆ డబ్బాలోనే ఉన్నాయి, చూసుకోండి.